మొహమాటం మీద నడిచే సెమినార్లు: పిలుపొస్తే ఏం చేయాలి

మూడేళ్లుగా పెళ్లిళ్లలో తప్ప కనపడని పెద్దమ్మ కొడుకు ఒకరోజు రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేస్తాడు. గొంతులో ఎప్పుడూ లేని హుషారు. "ఆదివారం సాయంత్రం ఖాళీయేనా? నీకోసం ఒకటి అనుకున్నా. వచ్చి చూడు, చెబితే అర్థం కాదు." ఏంటది అంటే చెప్పడు. ఎంతసేపు అంటే "రెండు గంటలు, అంతే" అంటాడు. ఎక్కడ అంటే మాత్రం ఠక్కున వస్తుంది జవాబు: ఫలానా హోటల్, మొదటి అంతస్తు, బాంక్వెట్ హాలు.

ఈ ఫోన్ మీకింకా రాకపోతే ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. వ్యక్తిత్వ వికాసం, లీడర్‌షిప్, ట్రాన్స్‌ఫర్మేషన్, మైండ్ పవర్... పేరు ఏదైనా కావచ్చు. నేను ఆ ఫోన్ అందుకున్నవాణ్ణి. నెల తిరక్కుండా అదే ఫోన్ ఇంకొకరికి చేసినవాణ్ణి కూడా. పర్సనాలిటీ క్లాసులన్నీ మోసమని నేననను. నాలుగు మంచి మాటలు విని, టీ తాగి ఇంటికొచ్చేసే క్లాసుతో ఎవరికీ పేచీ లేదు. నేను చెప్పేది ఒత్తిడి పెట్టి, అక్కడికక్కడే డబ్బు కట్టించి, ఆపైన మీ చేతే మీవాళ్లని పిలిపించే రకం గురించి. వాటి సరుకు కోర్సే కావచ్చు, బండి నడిచేది మాత్రం మన మొహమాటం మీద. మొహమాటానికి పోతే ఏమవుతుందో చెప్పే సామెత మీకు తెలిసిందే, మిగతా సగం ఇక్కడ రాయను.

1. ఫోన్‌లోనే అడిగేయండి

పిలిచినవాడి మీద కోపం తెచ్చుకోవద్దు. అతను మిమ్మల్ని ముంచాలని పిలవడం లేదు. చాలావరకు అది అతనికిచ్చిన హోంవర్కు. నిన్నో మొన్నో మైకు పట్టుకున్న మనిషి "మీ జీవితంలో ముఖ్యమైన ముగ్గురి పేర్లు రాయండి" అన్నాడు. అతను రాశాడు. అందులో మీరున్నారు. రాసేటప్పుడు అతని కళ్లల్లో నీళ్లు తిరిగి ఉన్నా ఆశ్చర్యం లేదు.

అడగాల్సినవి మూడే. కార్యక్రమం పేరేంటి, నడిపే కంపెనీ ఏది? అసలు కోర్సు ఫీజు ఎంత, దాని తర్వాత ఇంకెన్ని కోర్సులున్నాయి? నన్ను తీసుకురమ్మని నీకెవరైనా చెప్పారా? మూడోది కాస్త మొరటుగా ఉంటుంది గనక నవ్వుతూ అడగండి: "ఏరా, టార్గెట్ ఏమైనా ఇచ్చారా?" అవతలివాడు నీళ్లు నమిలితే మీకు కావాల్సింది దొరికినట్టే.

"చెబితే అర్థం కాదు, అనుభవించాలి" అన్నది ఈ రంగంలో అరిగిపోయిన రికార్డు. బిర్యానీ రుచి కూడా మాటల్లో చెప్పలేం. అయినా మెనూలో రేటు వేస్తారు కదా.

అమెరికాలో ఉన్న మనవాళ్లకి ఇది ఇంకో వేషంలో వస్తుంది. వాల్‌మార్ట్‌లో పాల డబ్బాల దగ్గర ఒక జంట "తెలుగువాళ్లా అండీ?" అని పలకరిస్తుంది, నంబర్లు ఇచ్చిపుచ్చుకుంటారు, వారం తిరిగేసరికి "మా మెంటర్‌ని ఒకసారి కలవండి" అంటారు. అది నెట్‌వర్క్ మార్కెటింగ్ వ్యవహారం, తోవ వేరు. కానీ సమావేశాల్లో ఊపు, మాటల తీరు, "నువ్వు మారాలి" అన్న పాట ఒకటే. ఈ మూడు ప్రశ్నలు అక్కడా పనికొస్తాయి.

2. ఆదివారం లోపు ఒక గంట కూర్చుని వెతకండి

వెతకడానికి ముందు ఈ వంశవృక్షం కొంచెం తెలిసి ఉంటే మంచిది. చాలా సెమినార్లు తమది కొత్త విద్య అంటాయి గానీ, ఆ హాల్లో జరిగే తంతుకి యాభై ఏళ్లు దాటాయి. 1971లో శాన్‌ఫ్రాన్సిస్కోలో వెర్నర్ ఎర్‌హార్డ్ అనే ఆయన 'ఎస్ట్' అనే శిక్షణ మొదలుపెట్టాడు. అసలు పేరు జాన్ పాల్ రోజెన్‌బర్గ్, ఊరు ఫిలడెల్ఫియా, అంతకుముందు కార్లు, పుస్తకాలు అమ్మినవాడు. రెండు వారాంతాలు, మొత్తం సుమారు 60 గంటలు, 70ల మధ్యలో ఫీజు 250 డాలర్లు. గడియారాలు తీసేయాలి, పక్కవాళ్లతో మాట్లాడకూడదు, బ్రేక్ ఇస్తే తప్ప బాత్రూంకి వెళ్లకూడదు. 1984 దాకా దాదాపు 7 లక్షల మంది ఆ హాళ్లలో కూర్చుని లేచారు. తర్వాత అదే కొంచెం మెత్తబడి 'ఫోరమ్' అయింది. 1991లో ఎర్‌హార్డ్ ఆ వ్యాపారాన్ని ఉద్యోగులకు అమ్మేశాక ల్యాండ్‌మార్క్ అనే కంపెనీ పుట్టింది. అది ఇవాళ్టికీ నడుస్తోంది, మన దేశంలోనూ కోర్సులు పెడుతుంది. ల్యాండ్‌మార్క్ ఫోరమ్ వరసగా మూడు రోజులు పొద్దున నుంచి రాత్రి దాకా, ఆపైన ఇంకోరోజు సాయంత్రం ఒక సెషన్. ఆ సాయంత్రానికి బంధుమిత్రుల్ని తీసుకురమ్మంటారు. వెళ్లొచ్చి మేలు జరిగిందని మనస్ఫూర్తిగా చెప్పేవాళ్లూ చాలామందే ఉన్నారు, అది దాచక్కర్లేదు. నేను పట్టించుకోమనేది ఆ చివరి సాయంత్రాన్ని. పేపర్లో ప్రకటనకన్నా మీ తమ్ముడి గొంతు చవక, పైగా ఎక్కువ నమ్ముతారు.

వెతికేటప్పుడు కోర్సు పేరు పక్కన 'రిఫండ్', 'కంప్లయింట్' అని చేర్చి చూడండి. కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో కంపెనీ పేరు కొడితే ఎప్పుడు పెట్టారో, ఇంతకుముందు ఇంకో పేరుండేదో తెలుస్తుంది. ట్రైనర్ పేరు ముందు 'డాక్టర్' ఉంటే ఏ యూనివర్సిటీయో చూడండి. యూట్యూబ్‌లో ఏడుస్తూ, నవ్వుతూ చెప్పే టెస్టిమోనియల్స్‌ని లెక్కలోకి తీసుకోవద్దు. అవి చాలావరకు కోర్సు ఆఖరి రోజు రాత్రి తీసినవి. ఆరు నెలల తర్వాత తీసినవి ఉంటే చూపించమనండి.

3. వెళ్లక తప్పకపోతే

కడుపు నిండా తిని వెళ్లండి. మీ బండి మీదే వెళ్లండి, పిలిచినవాడి కారులో వద్దు. తిరిగి రావడం మీ చేతిలో ఉండాలి. క్రెడిట్ కార్డు ఇంట్లో పెట్టండి. మీ బ్యాంకు యాప్‌లో వీలుంటే ఆ ఒక్కరోజుకి యూపీఐ పరిమితి రెండు వేలకి తగ్గించండి. ఎనిమిదిన్నరకి ఇంటి నుంచి ఫోన్ వచ్చేలా చూసుకోండి. తలుపుకి దగ్గరగా, వరస చివరి కుర్చీలో కూర్చోండి. ముందు వరసలోకి రమ్మని నవ్వుతూ బతిమాలతారు. మీరూ నవ్వుతూనే అక్కడే కూర్చోండి.

4. హాల్లో జరిగేది ఇదీ

నేను వెళ్లిన హాలు చెబుతాను. హైదరాబాద్‌లో ఒక హోటల్, ఏసీ కాస్త ఎక్కువే పెట్టారు. గుమ్మం దగ్గర మెడలో బ్యాడ్జీ వేశారు, ఇంటిపేరు లేకుండా ఒట్టి పేరు, పెద్ద అక్షరాలతో. బ్యాడ్జీ వేసినమ్మాయి జీతగత్తె కాదు, పాత స్టూడెంటు, సెలవు పెట్టుకుని ఉచితంగా చేస్తోంది. ఇది ఈ సంస్థల్లో మామూలే.

మొదట చేతులెత్తించే ప్రశ్నలు. "మీలో ఎంతమందికి ఇంకా బాగా బతకాలనుంది?" ఎత్తనివాడెవడు? "ఎంతమంది అనుకున్న పనిని వాయిదా వేశారు?" మళ్లీ ఎత్తుతాం. చిన్న చిన్న అవునులు పోగుచేస్తున్నారన్నమాట. 1966లో ఫ్రీడ్‌మన్, ఫ్రేజర్ అనే ఇద్దరు కాలిఫోర్నియాలో ఇళ్ల దగ్గర చేసిన ప్రయోగం ఇదే చూపించింది. ముందొక చిన్న కోరికకి సరేనన్నవాళ్లు తర్వాత పెద్ద కోరికకి ఒప్పుకోవడం బాగా ఎక్కువ. తర్వాత ఒకతను లేచి, నాన్నతో పదేళ్లుగా మాట్లాడలేదని, కోర్సు చేశాక ఫోన్ చేశానని చెప్పాడు. ఏడ్చాడు. హాలంతా చప్పట్లు. ఆ ఏడుపు నటన కాదు, ఈ మాట ఇప్పటికీ ఒట్టేసి చెబుతా. కష్టం అతనిదే, కన్నీళ్లూ అతనివే. వాటి పక్కన ఫీజు రసీదు పెట్టింది మాత్రం వేరేవాళ్లు.

బ్రేక్ ఇచ్చినప్పుడు అసలు పని మొదలవుతుంది. హాలు వెనక మూడు బల్లలు, వాటి మీద ఫారాలు, క్యూఆర్ కోడ్ అట్టలు. మీ పక్కన ఎవరో ఒకరు చేరతారు, పెన్ను మూత తీసి మరీ చేతికిస్తారు. ఆ పెన్ను తీసుకోవద్దు. చూడ్డానికి చిన్న విషయమే, కానీ తెరిచిన పెన్ను చేతిలో ఉంటే దాన్ని తిరిగివ్వడానికి కూడా మనకి మొహమాటమే.

ఇక్కడ మీరు చెప్పే ప్రతి సాకుకీ వాళ్ల దగ్గర మందు సిద్ధంగా ఉంటుంది.

"డబ్బు సర్దుబాటు కాదు" అంటే: "సమస్య డబ్బా, నీ మీద నీకు నమ్మకం లేకపోవడమా?"

"ఆలోచించుకుని చెబుతా" అంటే: "ఇందాక చెయ్యెత్తావు కదా, అన్నీ వాయిదా వేస్తానని. ఇదిగో, ఇదే."

"ఇంట్లో అడగాలి" అంటే: "నీ జీవితానికి అనుమతి వేరేవాళ్లివ్వాలా?"

చూశారా తమాషా? వద్దనడానికి మీరు ఏ కారణం చెప్పినా అది మీ జబ్బుకి రుజువైపోతుంది, ఆ జబ్బుకి మందు వాళ్ల కోర్సు. అసలు సంసారాల్లో 'ఇంట్లో అడగాలి' అన్నది బలహీనత ఎప్పుడైంది? భార్యనో భర్తనో అడక్కుండా ఇరవై వేలు కట్టి వస్తే దాన్ని ధైర్యం అనే ఇల్లు నేనైతే చూళ్లేదు.

అంచేత కారణం చెప్పకండి. ఇదే ఈ మొత్తం వ్యవహారంలో పట్టు. "వద్దండి. ఇవాళ సంతకం చేయను." అంతే. ఎందుకంటే? "చేయనండి." భయమా? "చేయనండి." మూడోసారికి మీకే నవ్వొస్తుంది, వాళ్లకి విసుగొస్తుంది. తెలుగులో కారణం లేకుండా కాదనడం మర్యాద తక్కువగా అనిపిస్తుంది, నాకూ అనిపిస్తుంది. ముందు రోజు అద్దం ముందు రెండుసార్లు అనుకుని చూడండి, సిగ్గుపడకుండా.

"ఈ రాత్రికే ఈ రేటు" అంటే కట్టకపోవడానికి అదొక్కటే చాలు. నిజంగా మంచి కోర్సైతే వచ్చే నెలా ఉంటుంది.

పిలిచిన మీ తమ్ముడు పక్కనే నిలబడి మీ మొహంలోకి చూస్తుంటాడు. అసలు ఒత్తిడి అక్కడుంది. అతన్ని పక్కకి తీసుకెళ్లి ఒక్క మాట చెప్పండి: "నిన్ను కాదనట్లేదురా, ఈ ఫారాన్ని కాదంటున్నా. పద, కిందికెళ్లి టీ తాగుదాం."

5. సంతకం చేసేసి ఉంటే

నేను చేశాను. 18,000 రూపాయలు, అందులో 2,000 ఆ రాత్రే కట్టా. మీరూ కట్టేసి ఉంటే సిగ్గుపడుతూ కూర్చోకండి, ఆ రాత్రికే పని మొదలుపెట్టండి. ఫారాన్ని, వెనకవైపుతో సహా, ఫోటో తీసుకోండి. రద్దు చేసుకుంటున్నానని మెయిల్ పెట్టండి. ఫోన్లో చెప్పొద్దు, ఫోన్లో మళ్లీ మొదటికొస్తుంది. డబ్బు ఏ ఖాతాకి వెళ్లిందో చూడండి, కంపెనీకా, ఎవరో మనిషి సొంత ఖాతాకా? జీఎస్‌టీ బిల్లు అడగండి. చట్టం దానంతటదే డబ్బు వెనక్కిప్పిస్తుందని మాత్రం అనుకోవద్దు. రిఫండ్ షరతులు ఏం రాశారన్న దాని మీదే చాలా ఆధారపడుతుంది. డబ్బు ఇవ్వం అని వాళ్లంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. ఆ నంబరుకి తెలుగులోనూ మాట్లాడొచ్చు. అక్కడ తేలకపోతే మీరుండే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. 5 లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు, రెండేళ్ల లోపు వేయాలి. ఆన్‌లైన్‌లో "ఇంకా 4 సీట్లే, 9 నిమిషాలే" అని గడియారం తిప్పి కట్టించుకుని ఉంటే స్క్రీన్‌షాట్ దాచండి. ఇలాంటి అబద్ధపు తొందర పెట్టడం 2023 నవంబరులో కేంద్రం నిషేధించిన 13 డార్క్ ప్యాటర్న్స్‌లో, అంటే ఆన్‌లైన్‌లో కొనేవాళ్లని మభ్యపెట్టే ఎత్తుల్లో, ఒకటి.

ఫీజుకి అక్కడే 'ఈజీ ఈఎంఐ' పెట్టించి ఉంటే అది అప్పు. కోర్సు రద్దయినా అప్పు దానంతటదే రద్దు కాదు. అప్పిచ్చిన సంస్థకి విడిగా రాయాలి.

6. కోర్సులో కూర్చోవాలనే నిర్ణయించుకుంటే

మీ ఇష్టం. కొన్ని జాగ్రత్తలు. డిప్రెషన్‌కో, బైపోలార్‌కో, పానిక్‌కో మందులు వాడుతున్నవాళ్లు, ఈ మధ్యే ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్లు వెళ్లకపోవడమే మేలు. వెళ్లేముందు మీ డాక్టర్‌ని అడగండి, ట్రైనర్‌ని కాదు. మాత్రల వేళ తప్పనివ్వొద్దు. ఆకలేస్తే తినండి, బాత్రూం వస్తే లేచి వెళ్లండి. అడిగి వెళ్లడం కాదు, వెళ్లడం.

ఒళ్లు "ఇక చాలు" అంటే ఆ మాట వినాలి. 2009 అక్టోబరులో అరిజోనాలో సెడోనా దగ్గర జేమ్స్ ఆర్థర్ రే అనే సెల్ఫ్‌హెల్ప్ గురువు, మనిషికి 10,000 డాలర్ల దాకా తీసుకుని పెట్టిన శిబిరంలో జనాన్ని వేడి ఆవిరి డేరాలో కూర్చోబెట్టాడు. ముగ్గురు చనిపోయారు. నిర్లక్ష్యం వల్ల మరణాలకు కారణమయ్యాడని 2011లో కోర్టు తేల్చింది, రెండేళ్ల శిక్ష పడింది. డేరాకి తాళం ఏమీ లేదు.

నిప్పుల మీద నడిపిస్తే కూడా పొంగిపోవద్దు. మా చిన్నప్పుడు పీర్ల పండక్కి గుండం తొక్కేవాళ్లని చూసి పెరిగినవాణ్ణి. దానికి ఎవరూ ఫీజు తీసుకోలేదు, మర్నాడు పొద్దున వాళ్లు మామూలుగా పొలానికెళ్లారు. బూడిద పట్టిన బొగ్గు వేడిని నెమ్మదిగా అందిస్తుంది, కాలు క్షణంసేపే ఆనుతుంది, అందుకే గబగబా నడిస్తే చాలాసార్లు కాలదు. కొన్నిసార్లు కాలుతుంది. 2016లో డాలస్‌లో టోనీ రాబిన్స్ అనే అమెరికా సెల్ఫ్‌హెల్ప్ గురువు సెమినార్‌లో 30 మందికి పైగా కాళ్లు కాల్చుకున్నారు.

నా కోర్సు రెండో రోజు రాత్రి తొమ్మిదిన్నరకి, అందరం బయటికెళ్లి జీవితంలో మనసు విప్పి మాట్లాడని మనిషికి ఫోన్ చేయాలన్నారు. పార్కింగ్‌లో నలభై మంది, నలభై ఫోన్లు, సగంమంది ఏడుపు. నేను నాన్నకి చేశాను. "నాన్నా, నువ్వంటే నాకు చాలా ఇష్టం" అన్నా. అవతల కాసేపు ఏమీ లేదు. తర్వాత, "ఏమైందిరా? డబ్బులేమైనా కావాలా?" అన్నాడు. అప్పుడే ఇంటికెళ్లిపోవాల్సింది.

కోర్సు అయ్యాక వారం పది రోజులు గాల్లో తేలినట్టుంటుంది. ఆ రోజుల్లో పై కోర్సుకి డబ్బు కట్టొద్దు, ఉద్యోగం మానొద్దు, ఎవరితోనూ తెగతెంపులు చేసుకోవద్దు. కనెక్టికట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఫోరమ్‌కి వెళ్లినవాళ్లని వెళ్లనివాళ్లతో పోల్చి 1989లో ఫలితాలు ప్రచురించారు. "నా జీవితం నా చేతిలోనే ఉంది" అన్న భావన కొంత పెరిగింది, ఏడాదిన్నర తర్వాత చూస్తే అదీ నిలవలేదు. మిగతా కొలతల్లో పెద్ద తేడా కనపడలేదు.

7. మీవాళ్లు లోపల ఉంటే

"నీకు మత్తుమందు పెట్టార్రా" అనొద్దు. ఎగతాళి అసలే వద్దు. కష్టపడి, డబ్బు పోసి సంపాదించినదాన్ని మనిషి వెనకేసుకొస్తాడు. 1959లో ఆరన్సన్, మిల్స్ చేసిన ప్రయోగంలో, ఒక గుంపులో చేరడానికి ఎక్కువ ఇబ్బంది పడాల్సి వచ్చిన అమ్మాయిలే ఆ గుంపు చప్పిడి చర్చని ఎక్కువ మెచ్చుకున్నారు. మీరు తిడితే మీ తమ్ముడు కోర్సుకి ఇంకా దగ్గరవుతాడు.

లెక్కలు అడగండి, అదీ తీరిగ్గా. ఇప్పటిదాకా ఎంతైంది? తర్వాతి మెట్టు ఎంత? వారానికి ఎన్ని గంటలు అక్కడ ఊరికే పని చేస్తున్నావు? చాలా చోట్ల మెట్టు మీద మెట్టు తప్ప ఘోరాలు జరగవు. కానీ మెట్లకి అడుగూ పైకప్పూ ఎక్కడున్నాయో చూసుకోవాలి. అమెరికాలో నెక్సియం అనే సంస్థ 1998లో మొదలైనప్పుడు అదీ వ్యాపారస్తులకు విజయసూత్రాలు నేర్పే కోర్సే. రంగురంగుల కండువాలు, ఒక్కో స్థాయికి ఒక్కో రంగు. దాన్ని నడిపిన కీత్ రానియేర్‌కి 2020లో 120 ఏళ్ల జైలు పడింది, నేరాల్లో సెక్స్ ట్రాఫికింగ్ ఒకటి.

ఇంటి తలుపు మాత్రం తీసే ఉంచండి. పండక్కి పిలవండి. కోర్సు మాటెత్తకుండా భోజనం పెట్టండి.

8. పిలిచింది మీరే అయితే

దీనికి రాసిపెట్టిన పద్ధతి ఏమీ దొరకదు. నేను చేసింది చెబుతాను. నేను పిలిచింది మా బావని, అక్క మొగుణ్ణి. నామీద గౌరవంతో వచ్చి, నా మొహం చూసి 2,000 కట్టి, తర్వాత కోర్సుకి రాలేదు. ఆ డబ్బు వాళ్లు తిరిగివ్వలేదు. ఎనిమిది నెలల తర్వాత సంక్రాంతికి వెళ్లినప్పుడు నాలుగు ఐదువందల నోట్లు కవర్లో పెట్టి ఇచ్చాను. బావ కవర్ తెరిచి చూసి, వెనక్కి నా జేబులో పెట్టాడు.

"డబ్బుదేముందిలే బావమరిదీ," అన్నాడు. "ఆరోజు హాల్లోకి వచ్చిన దగ్గర్నుంచి అక్క ఎలా ఉందని ఒక్కసారి కూడా అడగలేదు నువ్వు. అప్పటికి నెలరోజుల క్రితమేగా ఆపరేషన్ అయింది."